ముప్పదియేండ్ల యిల్లు

*బాలి ద్వీపమున స్థలము సంపాదించి గృహము నిర్మింపదలచు పరదేశీయుల ఆశలు, అగచాట్లు*

బాలి ద్వీపపు దక్షిణాగ్రమున, పెచాతు గ్రామపు పొలిమేరలో, బింగిన్ అను సముద్రతీర మొకటి కలదు. తీరమనుటకంటె కొండచరియ యనుట యొప్పును. ఏలయన, పైబాట నుండి యిసుక చేరుటకు నిటారుగ దిగిపోవు మెట్లు తప్ప వేరు త్రోవ లేదు. ఆ మెట్ల కిరుప్రక్కల సున్నపురాతి చరియను కరచుకొని, ఒకదాని భుజముపై నొకటి యెక్కి సముద్రమును తొంగిచూచుచున్నట్లు, విడుదులును, భోజనశాలలును, అలలపై పలకలెక్కి యాడువారి బసలును పుట్టపై పుట్టగొడుగులవలె లేచియుండెను. 2025వ సంవత్సరము జూలై 21వ తేదీ ఉదయమున ఆ మెట్లవెంట సమ్మెటలు దిగివచ్చినవి. యంత్రములకు చోటు లేని యా యిరుకున కూలివాండ్రు చేతి సుత్తెలతోనే గోడలు పడగొట్టసాగిరి. నిన్నటి వరకు ఆ గదులూడ్చి, ఆ పొయ్యిల యొద్ద వండి పొట్టపోసికొన్నవారు మెట్లపై నిలిచి కన్నీరు పెట్టుకొనిరి. పడగొట్ట నిశ్చయించిన కట్టడములు 48. నేల ప్రభుత్వమునది, కట్టుటకు అనుమతి లేదు అని అధికారుల మాట. ఇన్నేండ్లుగ చూచుచు నూరకుండి నేడు మేల్కొనుట యేమి న్యాయమని కట్టినవారి మాట.

ఆ చప్పుడు కొండచరియతో నాగిపోలేదు. ద్వీపమున నింకను పునాదులలోనున్న గృహముల యజమానులు, అడ్వాన్సులిచ్చి దూరదేశములలో కూర్చున్నవారు, తమ పెట్టెలలోని కాగితములను మరల వెలికితీసి, తామేమి కొంటిమి అని తమ్ము తామే ప్రశ్నించుకొనవలసిన దినము లివి.

ఈ గొడవ మనకేల యని చదువరి యనుకొనవచ్చును. 2023లో బాలికి వచ్చిన విదేశీయాత్రికులలో ఆస్ట్రేలియనుల తరువాతి స్థానము భారతీయులదే. అట్లు పోయినవారిలో తెలుగువాడు, మన స్వభావ మెరిగిన వారికి చెప్పనక్కరలేదు, మొదటినాడు గుడి చూచును, రెండవనాడు సముద్రము చూచును, మూడవనాడు వరిచేల నడుమ పాతిన 'అమ్మకమునకు' అను పలక చూచి కారు ఆపించును. అచ్చట స్థలమును 'ఆరే' లెక్కన చెప్పుదురు. ఆరే యనగా నూరు చదరపు మీటర్లు, మన లెక్కలో నించుమించు 120 గజములు, రెండున్నర సెంట్లకు కొంచెము తక్కువ. మనవాడు వెంటనే గజమునకెంత పడినదో గణించి, హైదరాబాదు శివారు ధరతో పోల్చి, చౌకయని యుప్పొంగును. ఆ పలకపై చిన్న అక్షరములలో '25 సంవత్సరములు' అనియో '30 సంవత్సరములు' అనియో యుండుట అప్పటికింకను ఆయన కంటబడియుండదు.

హక్కు అను మాట

ఇండోనేషియా భాష తెలుగువాని చెవికి చుట్టరికపు భాష. వారు భూమిని 'బుమి' యందురు, సాక్షిని 'సక్సి' యందురు. ఆలికి 'ఇస్త్రి' యనియు మగనికి 'సువామి' యనియు పేర్లు. ఆస్తిని 'హర్త' యందురు. అది మన 'అర్థము'నకు రూపాంతరమే. ఇక హక్కును వారు 'హక్' అనుట చూడగా, అరబ్బీ నుండి బయలుదేరిన యా మాట మన కచేరీలకు నడచివచ్చి, వారి కచేరీలకు ఓడనెక్కి పోయినదని తోచును. ఇన్ని తెలిసిన మాటలు వినబడునప్పుడు మనిషికి సొంత ఊరి రిజిస్ట్రారు కచేరీలోనే కూర్చున్నట్లు ధైర్యము కలుగుట సహజము. ప్రమాదమంతయు నా ధైర్యముననే యున్నది.

కాలపరిమితి లేనిదియు, వారసులకు సంక్రమించునదియు, అమ్ముటకు కుదువపెట్టుటకు వీలైనదియునగు సంపూర్ణ స్వామ్యమునకు అచ్చట 'హక్ మిలిక్' అని పేరు. 1960 సెప్టెంబరు 24న వెలువడిన 5వ నంబరు భూచట్టము, తన 21వ సెక్షనులో, ఈ హక్కు ఇండోనేషియా పౌరునకు మాత్రమే చెల్లునని విధించినది. మరణించినవాని వారసుడగుటచేతనో, దంపతుల యాస్తులు కలియుటచేతనో అట్టి హక్కు ఒక విదేశీయుని చేతికి వచ్చినను, అతడు దానిని ఏడాదిలోపల వదలుకొనవలయును. వదలుకొననిచో నేల రాజ్యమునకు పోవును.

ఈ నిషేధము స్వాతంత్ర్యానంతర జాతీయాభిమానముననే పుట్టినదని తలచుట పొరపాటు. దీని వేళ్ళు డచ్చివారి కాలమున నున్నవి. తోటల సంస్థలకు దీర్ఘకాలపు కౌళ్ళిచ్చుటకు ద్వారములు తెరచిన 1870 నాటి భూచట్టమునకు వెన్నంటి, దేశీయుల భూమిని దేశీయేతరులు కొనరాదని 1875లో డచ్చి ప్రభుత్వమే శాసించెను. అది కారుణ్యమున చేసినదని నేననను. రైతు నేల నూడ్చిపెట్టుకొని పోయినచో శిస్తు కట్టువాడును, చెరకు నరకువాడును దొరకడని యెరిగిన పాలకుల లెక్క అది. కాని లెక్క యెవరిదైనను ఫలితము రైతుకు దక్కినది. స్వతంత్ర రాజ్యము డచ్చి చట్టములను త్రోసివేసియు, ఆ కంచెను మాత్రము మరింత బిగించి నిలుపుకొన్నది.

> పరదేశికి తెరచియున్న దారులు
>
> హక్ సేవా: 'సేవా' యనగా అచ్చట అద్దె, మన సేవ కాదు. యజమానితో నోటరీ యెదుట వ్రాసికొను కౌలు. సాధారణముగ 25 లేక 30 యేండ్లు; పైకమంతయు ముందే చెల్లింపవలయును.
>
> హక్ పకై: వాడుకొను హక్కు. 2021 నాటి 18వ నంబరు ప్రభుత్వ నిబంధన ననుసరించి 30 ఏండ్లు, పొడిగింపు 20, పునరుద్ధరణ 30. దేశమున నివసించుటకు తగిన పత్రములున్నవారికే.
>
> హక్ గునా బంగునన్: కట్టడము నిలుపు హక్కు. వ్యక్తిగా విదేశీయునికి రాదు. అచ్చట నమోదైన విదేశీ పెట్టుబడి సంస్థకు రాగలదు.
>
> హక్ మిలిక్: లేదు.

పేరొకరిది, పైకమొకరిది

దారి మూసియున్నచోట గోడ దూకుట మానవస్వభావము. విదేశీయుడు సొమ్మిచ్చును, స్థానికుడొకడు, నౌకరో స్నేహితుడో ప్రియురాలో, తన పేర నేల వ్రాయించుకొనును, ఆ వెంటనే మరియొక కాగితముపై, 'ఈ సొమ్ము అప్పుగ తీసికొంటిని, నేల నతనికి కుదువపెట్టితిని, అతడు కోరినప్పుడు అమ్మెదను' అని సంతకము చేయును. ఇంగ్లీషున దీనిని 'నామినీ' యేర్పాటనుచున్నారు. మనకు తెలిసిన పేరు బినామీ.

దీనిని తెలుగువారికి విడమరచి చెప్పవలసిన పని లేదు. మన ఏజెన్సీ ప్రాంతములలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతులకు పోకుండ 1959లో వచ్చిన మొదటి రెగ్యులేషనును 1970లో గట్టిపరచి, జనుల నోట '1/70' యైన యా చట్టమున్నను, పాడేరు మొదలు ఉట్నూరు వరకు గిరిజనుని పేర పట్టా, మైదానమువాని చేతిలో పంట యను పద్ధతి యెట్లు సాగినదో మన మెరుగుదుము. బాలిలో విల్లా కట్టిన యైరోపా దేశస్థుడు, అరకులో తోట వేసిన మనవాడు, తమ సంగతి యొక్కటేయన్న ఇద్దరును నొచ్చుకొందురు. కాని కంచెకు అవతల నిలిచి చూచినవానికి ఇద్దరి నీడలును ఒక్కటే.

ఇండోనేషియా చట్టము మన చట్టముకంటె ఒక యడుగు ముందుకు వేసినది. ప్రత్యక్షముగ గాని పరోక్షముగ గాని స్వామ్యమును విదేశీయునికి చేరవేయు నుద్దేశముతో జరిగిన అమ్మకము, దానము, వీలునామా, యేదైనను చెల్లదనియు, నేల రాజ్యమునకు చెందుననియు, అంతటితో నాగక, అమ్మినవాడు పుచ్చుకొన్న సొమ్మును తిరిగి యడుగు హక్కు కొన్నవానికి లేదనియు 26వ సెక్షను చెప్పుచున్నది. నేలయు పోయె, సొమ్మును పోయె. పత్రము చింపుకొనుటకు మాత్రము స్వేచ్ఛ మిగిలినది. ఇట్టి యేర్పాటున పేరిచ్చినవాడు దుర్మార్గుడు కానక్కరలేదు. అతడు మరణించును, అతని కొడుకులకు ఈ సంగతి తెలియదు, తెలిసినను పట్టదు. లేదా ప్రేమ తీరిపోవును, పట్టా మాత్రము నిలిచియుండును. అప్పుడు న్యాయస్థానమునకు పోదమన్నచో, తన నోటితోనే చట్టోల్లంఘనమును చాటుకొనవలసివచ్చును.

తన దేశముననే పరదేశి

ఈ చట్టపు దెబ్బ విదేశీయులకే తగిలినది కాదు. ఇండోనేషియా వివాహచట్టమున, ముందే యొప్పందము వ్రాసికొననిచో దంపతులార్జించిన యాస్తి ఉమ్మడి యగును. కావున విదేశీయుని వరించిన ఇండోనేషియా స్త్రీ స్థలము కొన్నచో సగము మగనిదగును. మగనికి హక్కు లేదు గనుక ఆమెకును లేకపోవును! జపాను దేశీయుని పెండ్లాడిన ఒక ఇండోనేషియా మహిళ జకార్తాలో ఒక ఫ్లాటు కొని పైకము చెల్లించిన పిమ్మట, కట్టినవారు ఈ కారణము చూపి అమ్మకమును రద్దుచేసిరి. పెండ్లినాటి ముచ్చటలో ఆస్తి పంపకముల కాగితము వ్రాసికొనుట యెవరికి తోచును? ఆమె యూరకుండక రాజ్యాంగ న్యాయస్థానము మెట్లెక్కెను. 2016 అక్టోబరులో ఆ న్యాయస్థానము, అట్టి యొప్పందమును పెండ్లికి ముందేకాక పెండ్లియైన పిదపను వ్రాసికొనవచ్చునని తీర్పు చెప్పినది. నాటి నుండి నోటరీల యొద్దకు నడివయసు దంపతులు వచ్చి, నీది నీదే నాది నాదేయని సంతకములు చేయవలసిన వింత యేర్పడినది. ఆ విడిపోయిన పద్దులతోనే వారు కలిసి యిల్లు కట్టుకొనుచున్నారు.

ఇల్లు కట్టిన కళాకారులు

బాలిలో ఇల్లు కట్టుకొనవలయునను మోహము నిన్నమొన్నటిది కాదు. 1930 ప్రాంతముల వచ్చిన చిత్రకారులును సంగీతజ్ఞులును దీనికి మూలపురుషులు. కెనడాలో జన్మించిన స్వరకర్త కోలిన్ మక్‌ఫీ, గ్రామఫోను పలకలపై విన్న గమెలాన్ వాద్యఘోషకు పరవశుడై 1931లో ద్వీపమునకు వచ్చి, అయుంగ్ నది లోయపైనున్న సయాన్ గ్రామమున ఇల్లు కట్టి, గ్రామ బాలురకు వాద్యబృందము నేర్పరచి, యుద్ధమేఘములు క్రమ్ముచున్న 1938 చివర ద్వీపము వీడిపోయెను. తిరిగి రాలేదు. పిమ్మట న్యూయార్కులో ఆర్థిక క్లేశముల నడుమ నాతడు వ్రాసిన గ్రంథమునకు 'ఎ హౌస్ ఇన్ బాలి' యని పేరుపెట్టెను. కట్టిన యిల్లు చేజారినను పుస్తకము మిగిలినది. పరదేశముల గృహనిర్మాతలలో ఇంతటి భాగ్యము కలిగినవారు అరుదు.

సానుర్ తీరమున బెల్జియము చిత్రకారుడు ల మేయర్ కట్టిన యింటి కథ వేరు. 1932లో వచ్చిన యాతడు, తన చిత్రములకు నమూనాగ నిలిచిన లెగోంగ్ నర్తకి ని పొల్లోక్‌ను 1935లో పెండ్లాడెను. ఇద్దరి వయస్సుల అంతరమును గూర్చి నాడెందరేమనిరో గాని, చెక్కుడు పనుల తలుపులతో, పూలచెట్ల నడుమ, అలల చప్పుడు వినబడు ఆ యింట వారు రెండు దశాబ్దములకు పైగ కాపురముండిరి. 1957లో ఇంటిని చిత్రములతోసహా ఇండోనేషియా ప్రభుత్వమునకు వ్రాసియిచ్చి, భార్య బ్రతికినంతకాల మందుండునట్లు ఏర్పాటుచేసి, మరుసటి యేట ఆతడు స్వదేశమున మరణించెను. ని పొల్లోక్ 1985 వరకు ఆ తోటలోనే వచ్చినవారిని పలుకరించుచు నుండెను. నేడది ప్రదర్శనశాల. డచ్చి సంతతివాడైన చిత్రకారుడు ఆరీ స్మిట్ అందరికంటె సూటియైన మార్గము త్రొక్కెను: 1951లో ఇండోనేషియా పౌరసత్వమునే స్వీకరించెను. నేల కావలయునన్న, ముందు నేలకు తాను కావలయునని ఆయన కెవరు చెప్పిరో తెలియదు.

> కొబ్బరిచెట్టు కొలత
>
> ల మేయర్ యింటి సరసనే, జపాను యుద్ధపరిహారపు సొమ్ముతో, పది అంతస్తుల హోటలొకటి లేచి 1966లో తెరువబడెను. ఆ యెత్తును చూచి ద్వీపవాసులు కలవరపడిరి. ఆ పిమ్మట ఏ కట్టడమును కొబ్బరిచెట్టును మించరాదను నియమము పుట్టినది; చట్టపు లెక్కలో 15 మీటర్లు.

ఇరువదియైదేండ్లు కొనుట

బినామీకి భయపడినవాడు, సంస్థ పెట్టుటకు స్తోమత లేనివాడు, కౌలునకు దిగును. ఇచ్చటనే ఆలోచింపవలసిన సూక్ష్మ మున్నది. మన యూళ్ళలో స్థలము కొన్నవాడు నిద్రపోయినను స్థలపు ధర మేల్కొనియుండి పెరుగును. కౌలుస్థలమున ఇందుకు విపరీతము. సంతకము చేసిన మరునాటి నుండి ఒక్కొక్క సూర్యోదయమును యజమానికి ఒక దినమును తిరిగి యిచ్చివేయుచుండును. ఇరువదియైదేండ్ల కౌలుపై కట్టిన యిల్లు, పదునైదేండ్లు గడచిన పిదప అమ్మజూపినచో, కొనువాడు గోడలను చూడడు, పింగాణీ పలకలను చూడడు; మిగిలిన పదేండ్లను చూచును. గడువు తీరిననాడు ఇల్లు నేలతోబాటు నేలదొరకు పోవుట సాధారణము. 'పొడిగింపు హామీ' యని దళారి చెప్పు మాటకు, 'నాటి అంగడి ధరకు' అను తోక పత్రమున నుండును. నాటికి అంగడి యెట్లుండునో బ్రహ్మకెరుక.

ఇట్టి దస్తావేజున నేను మొట్టమొదట చూడుమని చెప్పునది ధర కాదు, నేలదొర కుటుంబము. బాలిలో భూములు తరచుగ అన్నదమ్ముల ఉమ్మడివి, కొన్ని దేవాలయములవి. ఒక్కని సంతకముతో తీసికొన్న కౌలును, పదేండ్ల పిమ్మట నలుగురు దాయాదులు వచ్చి ప్రశ్నించిన కథలు, మన కోనసీమ కొబ్బరితోటల తగవులు విన్నవారికి క్రొత్తగ తోచవు. అసలు పట్టాను నోటరీ ద్వారమున భూమి కచేరీలో సరిచూడవలయును; త్రోవ యెవరి నేలమీదుగ వచ్చుచున్నదో చూడవలయును; అన్నిటికంటె ముఖ్యముగ, పటమున ఆ స్థలపు రంగు చూడవలయును. పచ్చరంగు పొలమునకు గుర్తు. పచ్చనేలపై ఇంటికి అనుమతి పుట్టదు. కౌలు సక్రమమే, నోటరీ సక్రమమే, ఇల్లు మాత్రము అక్రమము కాగలదు. గుడుల చుట్టు పవిత్రావరణమని ఇంత దూరము, సముద్రపు పోటు గీత నుండి ఇంత దూరము విడువవలయునని వేరు నియమములు.

ఈశాన్యపు మూల

అనుమతులు ముగిసిన పిదప మేస్త్రీ వచ్చును. అతనితో వాస్తువును వచ్చును. బాలివారి గృహశాస్త్రమునకు 'అస్త కోసల కోసలి' యని పేరు, దాని నెరిగిన శిల్పికి 'ఉందగి' యని పేరు. సంప్రదాయ గృహమున కొలతలు మీటరుతో గాక యజమాని దేహముతోనే తీయుదురు: చేతులు చాచిన బార, మూర, పిడికిలి. దిక్కులును వారికి వేరు. కొండవైపు 'కజ', కడలివైపు 'కెలోద్'. కొండవైపును ఉదయదిక్కును కలియు మూల పవిత్రము. ఇంటి గుడి అచ్చటనే. ద్వీపపు దక్షిణభాగమున కొండ ఉత్తరమున నున్నది గనుక ఆ మూల మన ఈశాన్యమే యగును, తెలుగువాని ప్రాణము కుదుటపడును. కాని కొండల కావలి సింగరాజ పట్టణమునకు పోయినచో కొండ దక్షిణమున నుండును, దేవతల మూల ఆగ్నేయమునకు జరుగును! కాగితముపై గీసిన దిక్కులను నమ్ముకొన్న మన వాస్తు పండితు లచ్చట ఏమందురో వినవలయునని నాకు కోరిక.

నీరు పోయిన దారి

ఒక విషయము చెప్పక ఈ కథ సాగదు. విల్లాలు లేచుచున్న చేలు ఒంటరి చేలు కావు. కొండల నుండి దిగు నీటిని గుడులలో ఆరాధించి, మడి నుండి మడికి వంతులవారీగ పంచుకొను రైతుల సంఘములను అచ్చట 'సుబక్' అందురు. 2012లో యునెస్కో వీనిని ప్రపంచ వారసత్వముగ గుర్తించినది. ఈ యేర్పాటున ఒక మడిపై కాంక్రీటు పడినచో ఆ మడి యొక్కటే పోదు. దాని గట్టువెంట పోవలసిన నీరు దారి తప్పి, దిగువ మడి యెండును, లేదా మునుగును. దిగువ రైతు ఎన్నాళ్ళని సాగుచేయును? అతడును కౌలు కిచ్చును. ఇరువదియైదేండ్ల అద్దె యొక్కమారుగ చేతబడినప్పుడు కూతురి పెండ్లి, తండ్రి దహనోత్సవము, కొడుక్కి కారు, ఇవన్నియు ఒక్క యేటనే గడచిపోవును. మిగిలిన ఇరువది నాలుగేండ్లు అదే కొడుకు తన పొలమున లేచిన విడుదికి అతిథులను చేరవేయుచు నా కారు నడపుకొనును. 2025 సెప్టెంబరున ద్వీపమందలి డెన్‌పసార్ నగర పరిసరములను వరద ముంచి, పదిమందికి పైగ ప్రాణములు తీసినప్పుడు, కాలువల కడ్డముగ లేచిన గోడల మాట ద్వీపమంతట మారుమ్రోగినది.

> మనవైపు నిబంధనలు
>
> భారతదేశమున నివసించువాడు ఒక ఆర్థిక సంవత్సరమున 2,50,000 డాలర్ల వరకు విదేశములకు పంపి, అందుతో స్థిరాస్తి కొనవచ్చును. ఆదాయపు పన్ను పత్రమున విదేశీ యాస్తుల పట్టికలో దానిని చూపవలయును. దాచినచో 2015 నాటి నల్లధన చట్టము క్రింద 10 లక్షల రూపాయల జరిమానా విధింపవచ్చును.

పరదేశి కథ వినుచు నవ్వుకొను మనవారిలో, అమెరికా పౌరసత్వము పుచ్చుకొన్నవారు కొందరుందురు. మన విదేశీమారక చట్టపు నియమముల ప్రకారము వారు హైదరాబాదులోనో విశాఖలోనో ఇల్లు కొనవచ్చును గాని, తాము పుట్టిన యూళ్ళో ఎకరము పొలము కొనుటకు వీలులేదు. తండ్రి నుండి సంక్రమించిన దుంచుకొనవచ్చును, ప్రక్క గట్టువానిది కొనరాదు. తాత దున్నిన చేను పక్కన నిలిచి, పాస్‌పోర్టు రంగు మారినందున బంధువు పేర వ్రాయింతమా యని యోచించుచున్న మనుష్యునికి, బాలిలోని చాంగులో నౌకరు పేర పట్టా వ్రాయించిన మనుష్యుని మనస్సు బాగుగ అర్థము కాగలదు.

బాలిలో కౌలుపత్రములను చూచువారికి కొన్నిట చివరి పుటలలో ఒక చిన్న షరతు కనబడును: ఆవరణలోని గుడికి నేలదొర కుటుంబము వచ్చిపోవుటకు అడ్డు చెప్పరాదు. ఉదయమున విల్లా తలుపు తట్టి, నడుమునకు పట్టె కట్టుకొన్న స్త్రీ యొకతె లోనికి వచ్చును. ఈతకొలను ప్రక్కగ నడచి, కొండవైపు తూర్పుమూల నున్న రాతిగూటియొద్ద, కొబ్బరాకుతో నల్లిన చిన్న తట్టలో పూలు పెట్టి, అగరువత్తి వెలిగించి, నీళ్ళు చిలుకరించి, వచ్చిన త్రోవనే వెడలిపోవును. కాఫీ త్రాగుచున్న అద్దెదారుడు లేచి గేటు వేసికొనును.